ఎర్ర రంగు పూసిన పటం: నగరంలో హింస ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో ఎట్లా లెక్కిస్తారు?

రాయికోడ్ నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న పంచాయితీ. ముందు అదే చెప్తా, తర్వాత విషయంలోకి పోదాం.

మా అక్క బిడ్డకు హైదరాబాద్‌లో డిగ్రీ సీటు వచ్చింది. అందరం సంతోషంగానే ఉన్నాం. రెండు రోజుల తర్వాత మా బావ ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. వాట్సాప్‌లో ఎవరో పంపారట. హైదరాబాద్ మ్యాపు, దాని మీద ఎరుపు, నారింజ, పసుపు మచ్చలు. పైన "నగరంలో ప్రమాదకర ప్రాంతాలు" అని పెద్ద అక్షరాలు. పిల్ల చేరాల్సిన కాలేజీ ఉన్న చోటు ఎర్రగా ఉంది. "చూడు బామ్మర్దీ, తెలిసి తెలిసి పిల్లను మంటల్లోకి పంపమంటవా?" అన్నాడు. పిల్ల ఏమీ అనలేదు. తిన్న పళ్ళాలు తీసుకుని లోపలికి పోయింది.

నేను ఆ బొమ్మను పెద్దది చేసి చూశా. ఎవరు తయారు చేశారో లేదు. ఏ సంవత్సరానిదో లేదు. దొంగతనాలా, కొట్లాటలా, హత్యలా, ఏం లెక్కపెట్టారో లేదు. పగలా రాత్రా, అదీ లేదు. ఉన్నది రంగు ఒక్కటే. కానీ ఆ రంగు ఒక పిల్ల చదువును ఆపగలదు. అందుకే ఈ రోజు నేరాల పటం అంటే ఏంటి, దాన్ని ఎట్లా గీస్తారు, ఎట్లా చదవాలి, ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మొద్దు, ఇవి మాట్లాడుకుందాం.

ఈ పని కంప్యూటర్లతో మొదలవలేదు. 1829లో ఫ్రాన్స్‌లో గెర్రీ అనే లాయరు, బాల్బీ అనే భూగోళ శాస్త్రవేత్త కలిసి జిల్లాల వారీగా నేరాల పటాలు అచ్చువేశారు. మనుషుల మీద జరిగే నేరాలకు ఒక పటం, ఆస్తి మీద జరిగే నేరాలకు ఒకటి, చదువుకు ఒకటి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటి పెద్దమనుషుల నమ్మకం కదిలిపోయింది. చదువు లేని జిల్లాల్లోనే నేరాలు ఎక్కువ అని వాళ్ళు అనుకునేవాళ్ళు. పటంలో చూస్తే ఆస్తి నేరాలు ఎక్కువగా ఉన్నది చదువూ డబ్బూ ఉన్న ఉత్తరాదిలో. ఆలోచిస్తే ఇందులో వింత ఏముంది? దోచుకోవడానికి ఏదైనా ఉన్న చోటే కదా దొంగ పోతాడు.

మన దగ్గర కూడా పాత పోలీస్ స్టేషన్లలో గోడకు ఆ స్టేషన్ పరిధి పటం ఉండేది. నేరం జరిగిన చోట రంగు గుండుసూది గుచ్చేవాళ్ళు. సంవత్సరం మారితే సూదులు తీసేవాళ్ళు. అంటే పోయినేడు ఏం జరిగిందన్న జ్ఞాపకం కూడా సూదులతో పాటే డబ్బాలోకి పోయేది. 1994లో న్యూయార్క్ పోలీసులు ఈ సూదుల పనిని కంప్యూటర్ మీదికి తెచ్చి, ప్రతి వారం అధికారులను ఆ పటాల ముందు నిలబెట్టి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. దానికి కాంప్‌స్టాట్ అని పేరు. ఈ రోజు ప్రపంచమంతా చూస్తున్న రంగుల మ్యాపులకు అది ఒక పెద్ద మలుపు.

సరే, చుక్క ఎక్కడి నుంచి వస్తుంది? మన దేశంలో చాలావరకు ఎఫ్ఐఆర్ నుంచి వస్తుంది. మీరెప్పుడైనా ఎఫ్ఐఆర్ కాపీ చూశారా? అందులో సంఘటన జరిగిన రోజు, తేదీ, సమయం రాస్తారు. స్టేషన్‌కు సమాచారం ఎప్పుడు అందిందో విడిగా రాస్తారు. స్థలం దగ్గర, స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో అని రాస్తారు. బీట్ నంబరు ఉంటుంది. ఇంకో గడి కూడా ఉంది, దాని పేరు "పహర్". మన జహీరాబాద్ వైపు ఉర్దూ తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. తెలుగులో జాము. రోజుకు ఎనిమిది జాములు, ఒక్కోటి మూడు గంటలు. మన తాతలు పొద్దును కొలిచిన కొలత ఇప్పటికీ ఎఫ్ఐఆర్‌లో ఉంది.

ఇప్పుడు దీన్ని పటం మీద పెట్టాలి. "స్టేషన్‌కు ఉత్తరాన రెండు కిలోమీటర్లు" అని రాస్తే అది ఏ గల్లీ? గల్లీ పేరు రాసినా, ఒకే పేరుతో నగరంలో నాలుగు గల్లీలు ఉండొచ్చు. చిరునామా దొరకనప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుంది? చాలాసార్లు ఆ ఏరియా మధ్యలో ఒక బిందువు తీసుకుని అక్కడ పెట్టేస్తుంది, లేదా పెద్ద చౌరస్తా దగ్గరో, స్టేషన్ దగ్గరో పెడుతుంది. వంద కేసుల్లో ముప్పై ఇట్లా ఒకే బిందువు మీద పడ్డాయనుకోండి, అక్కడ ఎర్రగా మండిపోతుంది. ఆ చౌరస్తాలో ఎవరూ ఎవరినీ కొట్టి ఉండకపోవచ్చు. కాబట్టి పటంలో ఎర్ర మచ్చ సరిగ్గా చౌరస్తా మీదనో, ఠాణా మీదనో కూర్చుని ఉంటే మొదటి అనుమానం మనుషుల మీద కాదు, చిరునామా మీద పెట్టుకోవాలి.

రెండో సంగతి, రంగు. చుక్కలను రంగు మచ్చలుగా మార్చేటప్పుడు ప్రతి చుక్క చుట్టూ కొంత దూరం దాకా దాని ప్రభావాన్ని పరుస్తారు. నీళ్ళలో సిరా చుక్క వేస్తే చుట్టూ పాకినట్టు. ఎంత దూరం పాకాలో గీసేవాడే నిర్ణయిస్తాడు. రెండు వందల మీటర్లు పెడితే చిన్న చిన్న మచ్చలు వస్తాయి. రెండు కిలోమీటర్లు పెడితే ఏరియా ఏరియా ఎర్రబడుతుంది. చుక్కలు అవే, నేరాలు అవే, మారింది ఒక్క అంకె. మా బావ చూసిన పటంలో రంగు కాలేజీని కప్పింది కానీ, అసలు చుక్క కాలేజీ గేటు దగ్గర ఉందా, రెండు కిలోమీటర్ల అవతల ఉందా అన్నది ఆ రంగు చెప్పదు.

మూడోది, ఎంతమందిలో ఎన్ని? ఒక ఉదాహరణ లెక్క చెప్తా, ఇవి నిజం అంకెలు కావు. ఒక కాలనీలో పది వేల మంది ఉంటారు, సంవత్సరానికి పది కొట్లాటలు. బస్టాండ్ ఏరియాలో కాపురం ఉండేది రెండు వేల మంది, కొట్లాటలు నలభై. జనాభాతో భాగిస్తే బస్టాండ్ ఇరవై రెట్లు ప్రమాదం. కానీ ఆ బస్టాండ్ నుంచి రోజుకు లక్ష మంది వచ్చిపోతారు. ఆ లక్షను లెక్కలోకి తీసుకుంటే ఒక్కొక్క మనిషికి ప్రమాదం కాలనీ కంటే తక్కువే అవుతుంది. కోఠి, సికింద్రాబాద్ స్టేషన్, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ లాంటి చోట్లు ఏ పటంలోనైనా ఎర్రగానే కనపడతాయి. జనం ఉన్న చోట జనం పోట్లాడుకుంటారు. చుక్కలు లెక్కపెట్టే ముందు తలలు లెక్కపెట్టాలి.

ఇన్ని లోపాలు ఉన్నాయి కాబట్టి పటం పనికిరాదు అంటున్నానా? కాదు. సరిగ్గా గీస్తే ఇది చాలా గట్టి విషయం చెప్తుంది. 1989లో అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరం మీద లారెన్స్ షెర్మన్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక అధ్యయనం అచ్చువేశారు. ఒక సంవత్సరంలో పోలీసులకు వచ్చిన మూడు లక్షలకు పైగా ఫోన్ కాల్స్‌ను చిరునామాల వారీగా చూశారు. సగం కాల్స్ దాదాపు మూడు శాతం చిరునామాల నుంచే వచ్చాయి. ఆ తర్వాత బోస్టన్‌లో తుపాకీ హింసను 1980 నుంచి 2008 దాకా చూశారు. అక్కడా ఐదు శాతం లోపు వీధి ముక్కల్లోనే సగానికి పైగా కాల్పులు, అదీ దాదాపు ముప్పై ఏళ్ళ పాటు.

దీని అర్థం ఏంటో జాగ్రత్తగా వినండి. "ఫలానా ఏరియా మంచిది కాదు" అని మనం అంటాం చూడండి, ఆ మాట దాదాపు ఎప్పుడూ తప్పే. మనం చెడ్డది అనుకునే ఏరియాలో కూడా ఎక్కువ గల్లీలు సంవత్సరం పొడుగునా ప్రశాంతంగానే ఉంటాయి. గొడవంతా ఒక మూల దగ్గర, ఒక దుకాణం ముందు, ఒక సందు చివర ఉంటుంది. పెద్ద రంగు మచ్చ ఆ ఒక్క మూల చేసిన పనిని ఊరందరి మీదా రుద్దుతుంది.

మన హైదరాబాద్ గురించి ఇట్లాంటి పెద్ద లెక్క ఒకటి ఉంది. అశుతోష్ వార్ష్ణేయ్ అనే రాజనీతి శాస్త్రవేత్త, స్టీవెన్ విల్కిన్సన్‌తో కలిసి, 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను పత్రికల్లో వెతికి పోగుచేశారు. ఆ అల్లర్లలో పోయిన ప్రాణాల్లో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాల్లోనే పోయాయి. ఆ ఎనిమిదింటిలో హైదరాబాద్ ఒకటి. ఆ నగరాల్లో ఉన్నది దేశ పట్టణ జనాభాలో 18 శాతమే. పల్లెల వాటా నాలుగు శాతం కూడా లేదు. నగరాల్లో కూడా కొన్ని మళ్ళీ మళ్ళీ మండాయి, కొన్ని ఎప్పుడూ మండలేదు. ఎందుకు అన్న దాని మీదే ఆయన 2002లో పుస్తకం రాశారు. రెండు మతాల వాళ్ళు ఒకే వ్యాపార సంఘంలో, ఒకే కార్మిక సంఘంలో కలిసి పనిచేసిన చోట పుకారు మంట కాలేదు అన్నది ఆయన చెప్పిన జవాబు. ఒప్పుకోవచ్చు, వాదించొచ్చు. నేను చెప్పేది ఒక్కటే. పటం "ఎక్కడ" అని చూపించాకే "ఎందుకు" అని అడగడానికి వీలైంది.

ఇప్పుడు "ఎప్పుడు" దగ్గరికి వద్దాం. ఇది చాలామంది వదిలేసే సగం. ఒకే చోటు పొద్దున పదింటికి వేరు, రాత్రి పదకొండింటికి వేరు. పగలు కూరగాయల అంగడి, రాత్రి తాగి కొట్టుకునే అడ్డా. వీటిని ఒకే రంగుతో చూపిస్తే పొద్దున కూరగాయలకు పోయే ఆమె కూడా భయపడుతుంది.

కాలం లెక్కలో ఒక తమాషా ఉంది. ఒక గొడవ రాత్రి పదకొండింటికి, ఇంకోటి రాత్రి ఒంటి గంటకు జరిగాయనుకోండి. సగటు సమయం ఎంత? ఇరవై మూడు, ఒకటి కలిపి రెండుతో భాగిస్తే పన్నెండు. అంటే మిట్ట మధ్యాహ్నం! పట్టపగలు అక్కడ కాపలా పెట్టండి అని కాగితం చెప్తుంది. గడియారం గుండ్రంగా ఉంటుంది, మామూలు సగటు దానికి పనికిరాదు. ఇంకోటి, శనివారం రాత్రి మొదలైన తాగుడు గొడవ ఒంటి గంటకు తలలు పగిలేదాకా వస్తే తేదీ ప్రకారం అది ఆదివారం. అందుకే తెలిసినవాళ్ళు రోజును అర్ధరాత్రి దగ్గర కాకుండా తెల్లారి ఐదింటి దగ్గరో ఆరింటి దగ్గరో కోస్తారు. మన జాముల లెక్కే ఇక్కడ తెలివైనది. తెల్లారడంతో రోజు మొదలు, మళ్ళీ తెల్లారేదాకా ఒకటే రోజు.

దొంగతనానికి సమయం కచ్చితంగా తెలియదు. పెళ్ళికి పోయి మూడు రోజుల తర్వాత తిరిగొస్తే తాళం పగిలి ఉంటుంది. కొట్లాటకు ఆ ఇబ్బంది లేదు, దెబ్బ తిన్నవాడికి ఎప్పుడు తిన్నాడో తెలుసు. అందుకే హింసను కాలంతో కలిపి గీస్తే పటం బాగా పనిచేస్తుంది.

పనిచేసిన ఉదాహరణలు చెప్తా. బ్రిటన్‌లో కార్డిఫ్ నగరంలో జొనాథన్ షెపర్డ్ అని ముఖానికి, దవడలకు ఆపరేషన్లు చేసే సర్జన్. ఆయన దగ్గరికి పగిలిన గ్లాసులతో పొడిపించుకున్న ముఖాలు వస్తూనే ఉన్నాయి. పోలీసుల దగ్గర చూస్తే అందులో చాలా కేసులు అసలు నమోదే కాలేదు. అప్పుడు ఆస్పత్రి రిసెప్షన్‌లో పేరు బయటపెట్టకుండా మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, దేనితో కొట్టారు. ఆ సమాచారాన్ని పోలీసులకు, నగర పాలక సంస్థకు ఇచ్చారు. ఏ బార్ ముందు, ఏ వీధిలో, ఏ వారం ఏ గంటకు అన్నది తేలింది. పోలీసులను ఆ గంటకు అక్కడ నిలబెట్టడం, పగలని గ్లాసులు వాడించడం, బార్ల లైసెన్సుల మీద ఒత్తిడి, ఇట్లాంటివి చేశారు. 2011లో అచ్చయిన లెక్క ప్రకారం, అట్లాంటి వేరే నగరాలతో పోలిస్తే హింస వల్ల ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్ళు 42 శాతం తగ్గారు.

ఫిలడెల్ఫియాలో 2009లో అరవై చోట్ల పోలీసులను నడిపించి చూశారు. అదే సంఖ్యలో వేరే చోట్లను పోలికకు పెట్టుకున్నారు. పన్నెండు వారాల్లో హింస 23 శాతం తగ్గింది. నడవడం ఆపేశాక ఆ ఫలితం నిలవలేదు. అదే నగరంలో చెత్త నిండిన ఖాళీ ప్లాట్లు శుభ్రం చేసి గడ్డి, చెట్లు పెడితే, పేద బస్తీల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో అచ్చయింది. న్యూయార్క్‌లో ప్రభుత్వ ఇళ్ళ సముదాయాల్లో గట్టి లైట్లు పెడితే రాత్రి ఆరుబయట జరిగే పెద్ద నేరాలు మూడో వంతు దాకా తగ్గాయి. చూడండి, ఇందులో లాఠీ ఎంత ఉంది? గ్లాసు మార్చడం, ప్లాటు శుభ్రం చేయడం, బుగ్గ వెలిగించడం.

ఇక ఈ నాణానికి రెండో వైపు. పటం ఒక మనిషికి, ఒక ఊరికి ఏం చేయగలదో మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే ఒక కులం మొత్తాన్ని నేరస్థులుగా రాసుకున్న చట్టం అది. 1911లో దాన్ని సవరించాక మద్రాసు రాష్ట్రంలో కూడా అమలైంది. ఆ రోజుల్లో ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, ఒక సెటిల్‌మెంట్ కట్టారు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా బయటికి పోకూడదు. 1952లో చట్టం రద్దయింది. పేరు మీద పడ్డ మచ్చ రద్దు కాలేదు. 1991లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నా, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు జేబు తడుముకుంటాడు. పటం మీద ఒకసారి ఎర్ర సిరా పడితే అది తరాల పాటు ఆరదు.

ఇప్పుడు అదే పని కంప్యూటర్ చేస్తే? ఒక గల్లీలో పోలీసులు ఎక్కువ తిరిగితే ఎక్కువ కేసులు రాస్తారు. కేసులు ఎక్కువైతే పటం ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఇంకా ఎక్కువమంది పోలీసులను పంపుతారు. తిరగలి తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. 2016లో ఓక్లాండ్ నగరం మత్తుపదార్థాల అరెస్టుల మీద ఇద్దరు పరిశోధకులు ఇదే చూపించారు. వాడకం నగరమంతా దాదాపు ఒకే తీరుగా ఉన్నా, సాఫ్ట్‌వేర్ మాత్రం నల్లజాతి వాళ్ళ బస్తీలకే పోలీసులను పంపమని చెప్పింది. ఇట్లాంటి ప్రెడ్‌పోల్ అనే సాఫ్ట్‌వేర్‌ను ముందుగా వాడి చూసిన శాంటా క్రూజ్ నగరమే 2020లో దాన్ని నిషేధించింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు అదే ఏడు దాన్ని ఆపేశారు. ఢిల్లీ పోలీసులు ఇస్రో సాయంతో సీమ్యాప్స్ అనే పటాల వ్యవస్థ తయారు చేసుకున్నారు. దాని మీద కూడా 2020లో ఒక అధ్యయనం ఇట్లాంటి ప్రశ్నలే వేసింది.

హైదరాబాద్‌లో కూడా ఆలోచించండి. పాతబస్తీలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పట్టుకుని కౌన్సెలింగ్ ఇచ్చే "చబుత్రా" కార్యక్రమం పదేళ్ళుగా వింటున్నాం. కార్డన్ సెర్చ్‌లు వింటున్నాం. తల్లిదండ్రుల్లో కొందరు మంచిదే అంటారు. అది వాళ్ళ మాట, నేను కాదనను. కానీ ఒక బస్తీలోనే వెతికి, అక్కడే దొరికారని రాస్తే, ఆ అంకె బస్తీని కొలుస్తుందా, మన వెతుకులాటను కొలుస్తుందా? ఖరీదైన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అర్ధరాత్రి కూర్చున్న కుర్రాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు కదా.

సరిహద్దుల సంగతి ఇంకోటి. హైదరాబాద్ పక్కన 2003లో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది. 2016లో దాన్ని చీల్చి రాచకొండ పెట్టారు. గీత మారినప్పుడల్లా ఒక వైపు నేరాలు తగ్గినట్టు, ఇంకో వైపు పెరిగినట్టు కనపడతాయి. మనుషులు మాత్రం ఉన్న చోటే ఉన్నారు. ఈ గీత ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర డాక్టరమ్మాయికి జరిగిన ఘోరం మీ అందరికీ గుర్తుంది. ఆ రాత్రి కుటుంబం ఠాణాకు పోతే ఇది మా పరిధి కాదన్నారని, సమయం పోయిందని వాళ్ళు చెప్పారు. నిర్లక్ష్యం మీద ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాయాలన్న జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, అవసరం పడితే అడగండి.

ఆ సంఘటన గురించి ఇంకో మాట. మా బావ మనసులో ఉన్న భయం నిజానికి అదే. కానీ అది ఏ పటంలోనూ ఎర్ర మచ్చ కాదు. అది ఒక్క చుక్క. పటం చూపించేది రోజూ జరిగే వాటిని. అరుదుగా జరిగే ఘోరాన్ని అది ముందుగా చెప్పలేదు. మనకు భయం పుట్టించేది అరుదైనది, మనం చూసే రంగు రోజువారీది. రెండింటినీ కలిపేసి "మంటలు" అంటాం.

ఇక అసలు మాట. హింసలో పెద్ద భాగం ఏ పటంలోనూ లేదు, ఎందుకంటే అది ఇంట్లో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యారు. అంటే ప్రతి మూడిళ్ళలో ఒకటి. దేశం మొత్తం మీద హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం అడిగింది 14 శాతం మంది. 77 శాతం మంది ఎవరికీ చెప్పనే లేదు, ఎవరి సాయమూ అడగలేదు. నేర గణాంకాల బ్యూరో 2021 నివేదికలో అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. దీన్ని పటంగా గీస్తే ఎర్ర రంగు ఎక్కడ పూయాలి? చౌరస్తా మీదనా, వంటింటి మీదనా?

మన రాయికోడ్ పటం గీయండి అంటే ఏం వస్తుంది? పోలీసు లెక్కలో నాలుగు చుక్కలు పడతాయేమో. వీరభద్రస్వామి జాతర రద్దీలో ఒకటి, కల్లు దుకాణం ముందు ఒకటి, పొలం గెట్టు దగ్గర ఒకటి. అంతే, ఊరు చల్లగా ఉన్నట్టే. ఇప్పుడు మన జహీరాబాద్ పల్లెల్లో సంఘం ఆడవాళ్ళు ముగ్గు పిండితో, గింజలతో నేల మీద ఊరి పటం గీసే పద్ధతి ఉంది కదా. ఏ ఇంట్లో తిండి గింజలున్నాయి, ఏ ఇంట్లో లేవు అని వాళ్ళు ఇల్లిల్లూ చెప్పగలరు. అదే ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రాత్రి ఏ ఇంట్లోంచి అరుపులు వినపడతాయో ఒక్కో చింతగింజ పెట్టమంటే? ఏ దారిలో చీకటి పడ్డాక పిల్లలు పరుగెత్తుతూ వస్తారో గీయమంటే? ఆ పటం పోలీసు పటంలా ఉండదు. దాన్ని అందరి ముందు గీయలేరు కూడా. గింజ పెట్టిన ఆమె మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. అందుకే ఇట్లాంటివి గీసినా ఇంటి గుర్తులు తీసేసి, చోటు, సమయం మాత్రమే ఉంచాలి.

అయితే మళ్ళీ మా బావ దగ్గరికి. నేను ఆ రాత్రి ఆయనకు ఈ లెక్కలన్నీ చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చా. మీరూ రాసుకోండి. ఒకటి, ఈ పటం ఎవరు గీశారు, ఏ లెక్కతో, ఏ సంవత్సరంది? రెండు, ఏ నేరం? సెల్‌ఫోన్ గుంజుకుపోవడం, హత్య ఒకే రంగులో ఉన్నాయా? మూడు, ఏ గంటకు? నాలుగు, ఎంతమంది తిరిగే చోట ఎన్ని? ఈ నాలుగింటికీ జవాబు లేని పటం పటం కాదు, బొమ్మ.

బావ కాగితం చూసి, "నీ ప్రశ్నలకు జవాబు లేదని నా భయం పోతదా?" అన్నాడు. నిజమే, పోదు. అందుకే మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. పిల్లకు మహాలక్ష్మి పథకంలో టికెట్ లేదు, మా ఇద్దరికీ కొన్నాం. కాలేజీ చూశాం. అడ్మిషన్ కాగితాలకంటే ముందు హాస్టల్ చూశాం. సాయంత్రం ఏడింటి దాకా అక్కడే ఉన్నాం, ఎందుకంటే పిల్ల ఆ దారిలో నడిచేది ఆ వేళకే. బస్టాప్ నుంచి హాస్టల్ గేటు దాకా నడిచాం. ముందు సగం దుకాణాలు, వెలుతురు. తర్వాత ఒక గోడ వెంబడి చీకటి, ఒక ఖాళీ ప్లాటు, రెండు స్తంభాలకు లైట్లు లేవు. పిల్ల మొదటిసారి నోరు తెరిచింది. "మామా, ఆ ఇంకో సందులోంచి పోతే అయిదు నిమిషాలు ఎక్కువ పడుతది, కానీ మెడికల్ షాపు రాత్రి దాకా తెరిచి ఉంటదట" అంది. మేము హాస్టల్ గది చూస్తున్నప్పుడు తను కిందికి పోయి అక్కడి పిల్లలను అడిగి తెలుసుకుందట.

మాకు కావలసిన పటం అది. ఎక్కడ, ఎప్పుడు, ఏ దారి. ఆ దారిలో నడిచేవాళ్ళు చెప్పింది. ఆ రెండు లైట్ల గురించి కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాం. ఒకటి వెలిగింది, ఒకటి ఇంకా వెలగలేదు. పిల్ల మెడికల్ షాపు దారిలో పోయి వస్తోంది. బావ రోజూ ఏడున్నరకు ఫోన్ చేస్తాడు, వాట్సాప్ బొమ్మ మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు.

మీ ఊళ్ళో, మీ బస్తీలో చీకటి స్తంభం ఎక్కడుందో ఈ రాత్రి ఒకసారి నడిచి చూడండి. మీరు కాదు, మీ ఇంటి ఆడపిల్లను అడిగి, ఆమె చూపించిన దారిలో.